పక్కింటికి తాళం పడి ఏళ్ళయిందా? దాన్ని చట్టప్రకారం మీ సొంతం చేసుకోవడం ఎలా

మీ గోడకు ఆనుకొని ఒక ఇల్లు. తాళంకప్ప తుప్పు పట్టి గొళ్ళేనికి అతుక్కుపోయింది, పిట్టగోడ పగుల్లోంచి రావిమొక్క మణికట్టు లావున లేచింది, వానలు మొదలైతే అటునుంచి చెమ్మ దిగి మీ పడగ్గది గోడ పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. వీధిలో ఎవర్ని అడిగినా ఒకటే మాట: "ఎవరిదో ఏమో, ఏళ్ళ నుంచి ఎవరూ రావట్లేదు". ఆ మాట నాలుగుసార్లు చెవిన పడేసరికి మనకీ ఆశ పుడుతుంది, మనమే తీసేసుకుంటే పోలా అని.

తీసుకోవచ్చు. నేనూ తీసుకున్నాను, రెండేళ్ళు పట్టింది. అందులో ముప్పావు వంతు కాలం మనుషుల్ని వెతకడానికీ సంతకాలు కూడగట్టడానికే పోయింది, డబ్బు సంగతి మాట్లాడుకున్నది రెండు సాయంత్రాలు. ఎందుకంటే పాడుబడ్డ ఇంటికి యజమాని లేకపోవడం అనేది దాదాపు ఉండదు. చాలాసార్లు ఒకరికి బదులు ఏడుగురో ఎనిమిదిమందో ఉంటారు, వాళ్ళలో ఇద్దరికి మాటల్లేవు కాబట్టే ఆ ఇల్లు అలా పడి ఉంటుంది. మీరు చేయబోయే పనంతా వాళ్ళందరినీ పట్టుకుని ఒక కాగితం మీదికి తేవడమే.

చట్టాలు దేశానికో రకం. ఈ పని వరస మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఇదే. అవసరమైన చోట భారత చట్టం చెప్తాను, అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉండి ఇది చదివేవాళ్ళ కోసం అక్కడి సంగతులూ కొన్ని చెప్తాను.

ముందు చేయకూడనివి

తాళం పగలగొట్టకండి. లోపలి సామాను, తలుపులు, కిటికీ ఊచలు ముట్టుకోకండి. మీ గోడ అటు జరపకండి, మీ బండి వాళ్ళ వాకిట్లో పెట్టకండి, మోటారు పైపు అటునుంచి లాగకండి. చిన్నవే అనిపిస్తాయి గానీ, రేపు యజమాని దొరికాక మీరు కొనడానికి వచ్చిన పొరుగువాడిగా కనిపించాలా, కబ్జాకు చూస్తున్నవాడిగా కనిపించాలా అనేది వీటి మీదే ఉంటుంది. ఇంకో తెలివితక్కువ పని, ఆ ఇంటి పన్ను మీరు కట్టేయడం. పన్ను రసీదు మీ పేరున ఉన్నంత మాత్రాన ఇల్లు మీది కాదు, మున్సిపల్ రికార్డులో పేరు మారినా హక్కు మారదని మన కోర్టులు చెప్తూనే ఉన్నాయి.

గోడ కూలేలా ఉంటేనో, పాములు తిరుగుతుంటేనో మున్సిపాలిటీకో పంచాయతీకో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, వాళ్ళు యజమానికి నోటీసు పంపాలి కాబట్టి ఆ పేరు, చిరునామా ఫైల్లోకి వస్తాయి. రెండోది, ఒక్కోసారి ఆ నోటీసు దెబ్బకే నిద్రపోతున్న యజమాని లేచి వస్తాడు.

మీ దస్తావేజు నుంచే మొదలుపెట్టండి

అందరూ రికార్డాఫీసుకు పరుగెత్తుతారు. ముందు మీ బీరువా తెరవండి. మీ ఇంటి దస్తావేజు చివర హద్దులు రాసి ఉంటాయి: తూర్పు ఫలానా వారి ఇల్లు, దక్షిణం రోడ్డు, అలా. పక్కింటి దిక్కున ఎవరి పేరుందో చూడండి. ఆ పేరు ముప్పై ఏళ్ళ కిందటిదే కావచ్చు, ఆ మనిషి పోయే ఉండొచ్చు. అయినా దారం కొస దొరికినట్టే. మీ లింకు డాక్యుమెంట్లు, అంటే మీకంటే ముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు కూడా తీయండి, పాత దస్తావేజుల్లో సాక్షి సంతకాలు చూడండి, ఇరుగుపొరుగు వాళ్ళే సాక్షులుగా ఉండటం మామూలు. నాకు అసలు పేరు దొరికింది అక్కడే. మా ఇల్లు అమ్మినాయన అంతకుముందు కొన్నప్పటి కాగితంలో రెండో సాక్షిగా పక్కింటాయనే సంతకం పెట్టాడు, కింద తండ్రి పేరుతో సహా.

పేరు దొరికాక రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ ఇంటికి ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం తీయండి. ఇంటి నంబరు, హద్దులు ఇస్తే చాలు, అది మీ ఆస్తి కాకపోయినా ఇస్తారు. కనీసం 30 ఏళ్ళకు తీయండి, ఇంకా వెనక్కి వెళ్ళగలిగితే ఇంకా మంచిది. అమ్మకాలు, గిఫ్టులు, భాగపంపకాలు, రిజిస్టరైన తాకట్లు అందులో వస్తాయి. దస్తావేజు నంబరు కనిపిస్తే దాని సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి. ఇంటి పన్ను రికార్డు, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో కూడా చూడండి, ఈ మూడు చోట్లా మూడు పేర్లున్నా కంగారు పడకండి, చాలా ఇళ్ళకు అలాగే ఉంటుంది: దస్తావేజు తాత పేరు, పన్ను తండ్రి పేరు, మీటరు ఎప్పుడో ఉన్న అద్దెవాళ్ళ పేరు.

ఈసీని మాత్రం పూర్తిగా నమ్మకండి. కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు కొన్నిసార్లు అందులో కనిపించదు. దానికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో విడిగా వెతకాలి, కొద్దిపాటి ఫీజుతో ఆన్‌లైన్లోనే అవుతుంది. కోర్టు కేసులు కూడా ఈసీలో రావు, జిల్లా కోర్టుల వెబ్‌సైటులో పార్టీ పేరు కొట్టి చూడండి. దావా నడుస్తుండగా కొంటే ఆ దావా తీర్పుకు మీరూ కట్టుబడాల్సిందే.

ఈ దశలోనే తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ స్థలం దేవాదాయానిదో, వక్ఫ్‌దో, ప్రభుత్వానిదో అయి నిషేధిత జాబితాలో ఉంటే అక్కడితో ఆపేయండి. అలాగే ఇంటివాళ్ళు దేశ విభజన తర్వాత పాకిస్తానుకు వెళ్ళిపోయారని ఎవరైనా చెప్తే చెవులు రిక్కించండి, 1968 నాటి శత్రు ఆస్తుల చట్టం కింద అది కస్టోడియన్ అనే ప్రభుత్వ అధికారి చేతిలో ఉండొచ్చు. 2017 సవరణ తర్వాత అలాంటి ఆస్తి మీద వారసులకు కూడా హక్కు లేదు, వాళ్ళు అమ్మినా ఆ అమ్మకం చెల్లదు.

మనిషిని పట్టుకోవడం

కాగితాల్లో పేరు దొరికినంత తేలిగ్గా మనిషి దొరకడు. పోస్టుమ్యాన్‌ని అడగండి, మీటరు రీడింగుకు వచ్చే కుర్రాణ్ణి అడగండి, వీధిలో అందరికంటే పెద్దావిడ ఎవరో వాళ్ళింట్లో ఓ గంట కూర్చోండి. ఆవిడకు ఆ ఇంటి పిల్లల పేర్లు, ఎవరి పెళ్ళి ఎప్పుడైంది, చిన్నకోడలు ఏ ఊరి అమ్మాయి అన్నీ గుర్తుంటాయి, అవన్నీ మీకు పనికొచ్చేవే. అక్కడ అద్దెకుండి వెళ్ళినవాళ్ళ దగ్గర యజమాని పాత నంబరు ఉండే అవకాశం ఎక్కువ.

చిరునామా దొరికితే ఉత్తరం రాయండి. ఫోన్ నంబరు దొరికినా ముందు ఉత్తరమే మంచిదని నా అభిప్రాయం, తెలియని నంబరు నుంచి ఫోన్ చేసి "మీ ఇల్లు అమ్ముతారా" అంటే ఎవరైనా బ్రోకరనుకుని పెట్టేస్తారు. ఉత్తరంలో మీరెవరో, ఏ ఇంట్లో ఉంటున్నారో, గోడ పరిస్థితి ఏమిటో రాసి రెండు ఫొటోలు పెట్టండి. అమ్మే ఉద్దేశం ఉంటే మాట్లాడదామని చివర్లో ఒక వాక్యం చాలు. ధర రాయకండి. ట్రాకింగు ఉన్న పోస్టులోనే పంపండి. మన దగ్గర 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టే. కవరు తిరిగొస్తే చింపకండి. పైన పోస్టుమ్యాన్ రాసిన "అడ్రసులో లేరు", "ఇల్లు మారారు" అన్న గీతలతో సహా అలాగే దాచండి, మీరు నిజాయితీగా వెతికారనడానికి రేపు కోర్టులో అదే సాక్ష్యం. నా దగ్గర అలాంటి కవర్లు మూడున్నాయి. మూడోదాని వెనక ఎవరో పెన్సిలుతో కొత్త ఫోన్ నంబరు రాసి పంపారు, ఎవరో ఇప్పటికీ తెలీదు.

మొదటిసారి మాట్లాడేటప్పుడు కొనే మాట చివర్లో ఎత్తండి. అది వాళ్ళ అమ్మానాన్నల ఇల్లు. "మీ ఇల్లు పాడైపోయింది, పాములు తిరుగుతున్నాయి" అని మొదలుపెడితే ఆ మనిషికి ఎక్కడో గుచ్చుకుంటుంది, ఆ తర్వాత ఎంత ధర చెప్పినా మనసు రాదు. వాళ్ళు అమ్మననవచ్చు. అంటే అంతే, ఆర్నెల్లాగి మళ్ళీ పలకరించండి. ఈలోపు ఆ మొక్క నరికించడానికో గోడ పూత వేయించడానికో అనుమతి అడిగి, వాళ్ళ జవాబు వాట్సాప్‌లోనైనా సరే రాతలో తీసుకోండి.

"పన్నెండేళ్ళుంటే మనదైపోతుందట కదా?"

ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. అడ్వర్స్ పొజెషన్ అంటారు. లిమిటేషన్ చట్టం 1963 ప్రకారం తన స్థిరాస్తి వేరేవాడి చేతిలో ఉంటే దాన్ని తిరిగి ఇప్పించమని దావా వేయడానికి యజమానికి 12 ఏళ్ళ గడువుంది, ప్రభుత్వానికైతే 30 ఏళ్ళు. ఆ గడువు దాటితే అతని హక్కు పోతుంది. ఇక్కడిదాకే విని జనం సంబరపడతారు. అసలు మెలిక ఏమిటంటే ఈ పన్నెండేళ్ళు ఇల్లు ఖాళీ అయిన రోజు నుంచి లెక్కకు రావు. మీరు అందులో అందరూ చూస్తుండగా, ఆగకుండా, యజమాని హక్కును కాదంటూ "ఇది నాదే" అని కూర్చున్న రోజు నుంచి లెక్క. రుజువు చేయాల్సిందీ మీరే. అద్దెకున్నవాడు, కాపలా ఉన్నవాడు, "కాస్త చూస్తుండండి" అంటే చూసుకున్నవాడు ఎన్నేళ్ళున్నా దీని కిందికి రారు.

దీని ఆధారంగా మనమే దావా వేసి హక్కు కోరవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అదే సుప్రీంకోర్టు 2008లో, అసలు యజమానికి ఇంత కఠినంగా ఉన్న ఈ చట్టం తర్కానికే నిలవదని ఘాటుగా అంది కూడా. అంటే మీరు జడ్జి ముందు నిలబడి, పరాయి ఇంట్లో హక్కు లేకుండా దూరి పన్నెండేళ్ళున్నానని మీ నోటితో ఒప్పుకుని, అందుకు బహుమతిగా ఇల్లు అడుగుతారన్నమాట. దానికితోడు దూరిన మొదటి రోజే అక్రమ ప్రవేశం కింద క్రిమినల్ కేసు పడొచ్చు.

బయటి దేశాల్లోనూ ఇది తేలికేం కాదు. ఇంగ్లండు, వేల్స్‌లో రిజిస్టరైన భూమికి 2002 చట్టం ప్రకారం పదేళ్ళ తర్వాత అప్లై చేయవచ్చు, కానీ ల్యాండ్ రిజిస్ట్రీ ముందు యజమానికే నోటీసు పంపుతుంది, అతను అభ్యంతరం చెప్తే కొన్ని మినహాయింపులు తప్ప అది అక్కడితో పోతుంది, మిమ్మల్ని ఖాళీ చేయించడానికి అతనికి ఇంకో రెండేళ్ళు దొరుకుతాయి. పైగా నివాస గృహంలో దూరి ఉండటం 2012 సెప్టెంబరు 1 నుంచి అక్కడ నేరం. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. కాలిఫోర్నియాలో అయిదేళ్ళే, కాకపోతే ఆ అయిదేళ్ళూ ఆస్తి పన్ను మీరు కట్టి ఉండాలి. న్యూయార్కులో పదేళ్ళు, అదీ ఆ స్థలం మీదేనని నమ్మడానికి సరైన కారణం ఉండాలని 2008లో చట్టం మార్చారు. కంచె వేశాను, గడ్డి కోశాను అంటే చెల్లదు.

నా సలహా ఒక్కటే, ఆ దారి మర్చిపోండి. కొనడమే తక్కువ టెన్షన్.

వారసులు: అసలు కథ ఇక్కడే

దస్తావేజు మీదున్న మనిషి బతికి ఉంటే మీరు అదృష్టవంతులు, ఈ భాగం దాటేయండి. పోయి ఉంటే వంశవృక్షం గీయాల్సిందే. ఒక పెద్ద కాగితం తీసుకుని పైన ఆయన పేరు రాసి, కింద భార్య, పిల్లలు, పోయినవాళ్ళు ఉంటే వాళ్ళ భార్యలు, పిల్లలు, ఒక్కొక్కరి పక్కన చనిపోయిన తేదీ, ఊరు, ఫోన్ నంబరు రాయండి. పోయినవాళ్ళందరికీ మరణ ధ్రువపత్రాలు, ఆపైన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి.

లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. ఒక హిందూ కుటుంబంలో తండ్రి తన సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, వీలునామా రాయలేదు, భార్య ఆయనకంటే ముందే పోయింది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, నాలుగు సంతకాలే కదా అనుకుంటారు. పెద్దకొడుకు పోయాడు, అతనికి భార్య, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఆరు. ఆ పిల్లల్లో ఒకరికి పద్దెనిమిది నిండలేదు, అయితే ఆ వాటా అమ్మడానికి తల్లి సంతకం సరిపోదు, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అది లేకుండా కొంటే ఆ బిడ్డ మేజరయ్యాక మూడేళ్ళలోపు అమ్మకం రద్దు చేయమని కోర్టుకెక్కవచ్చు.

"ఆడపిల్లలకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం, వాళ్ళ సంతకాలెందుకండీ" అని అన్నదమ్ములు అంటారు. చాలా మర్యాదగా, నమ్మకంగా అంటారు. వినకండి. తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది, ఉమ్మడి ఆస్తిలో కూడా పుట్టుకతో హక్కు 2005 సవరణతో దేశమంతటా వచ్చింది. రిజిస్టరైన హక్కు విడుదల పత్రం చూపించకపోతే అక్కచెల్లెళ్ళు దస్తావేజులో సంతకం పెట్టాల్సిందే. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వాటాల లెక్క వేరు, అది లాయరు చేతే రాయించండి.

ఇక అందరూ పడే ఉచ్చు ఒకటుంది. ఆరుగురిలో ఒకడికి డబ్బు అవసరం, "నా వాటా నీకిచ్చేస్తా, మిగతావాళ్ళు తర్వాత వస్తారు" అంటాడు. కాస్త తక్కువకే ఇస్తానంటాడు. కొనకండి. విడిపోని కుటుంబ నివాస గృహంలో ఒక వాటా కొన్న బయటివాడికి వాళ్ళతోపాటు ఆ ఇంట్లో ఉండే హక్కు రాదు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఆ మాట చెప్తుంది. మీరు భాగం పంచమని దావా వేస్తే, 1893 నాటి పార్టిషన్ చట్టం కింద మిగతావాళ్ళు మీ వాటాకు కోర్టు కట్టిన ధర ఇచ్చి మిమ్మల్నే బయటికి పంపొచ్చు. అన్నిటికంటే, మిగతా అయిదుగురికీ మీరు తేనెతుట్టె కదిపినవాడైపోతారు.

మాటలు లేని అన్నదమ్ముల మధ్య మీరు తీర్పరిగా దిగకండి. ఎవరు ఎవర్ని ఏమన్నా వినండి, ఇటు మాట అటు చేరవేయకండి. అందరికీ ఒకే ధర, ఒకే కాగితం, డబ్బు ఎవరి బ్యాంకు ఖాతాకు వాళ్ళకే అని మొదటిరోజే చెప్పండి. పెద్దన్న చేతికి మొత్తం ఇస్తే ఆయన పంచుతాడంటారు. ఆయన పంచకపోతే చెల్లెలు వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటుంది, ఆయన గుమ్మంలో కాదు.

ఒకరిద్దరు విదేశాల్లో ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత కాన్సులేటులో గానీ, నోటరీ, అపోస్టిల్ (అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి గానీ పంపాలి, అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అందులో ఈ ఇంటి వివరాలు, అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి. ఇచ్చిన మనిషి పోతే మామూలుగా ఆ పవర్ కూడా పోతుంది, అందుకే రిజిస్ట్రేషన్ రోజు వాళ్ళతో వీడియో కాల్ మాట్లాడి ఓ స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే ఇల్లు కొనేసి ఊరుకుంటామంటే కుదరదు, అది అమ్మకం కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మేవాళ్ళలో విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళుంటే వాళ్ళ వాటా డబ్బులోంచి పన్ను కోసి కట్టాల్సింది మీరే, మర్చిపోతే ఆదాయపు పన్ను వాళ్ళు అడిగేది మిమ్మల్నే.

ఎంత వెతికినా మనిషి దొరక్కపోతే

ఏడేళ్ళుగా ఒక మనిషి గురించి, సహజంగా అతని కబురు తెలియాల్సిన వాళ్ళకు కూడా ఏమీ తెలియకపోతే అతను చనిపోయినట్టు కోర్టు భావించవచ్చు. మన సాక్ష్య చట్టంలో ఈ నియమం మొదటి నుంచీ ఉంది, ఇంగ్లండులోనూ ఏడేళ్ళే. కానీ ఆ దావా వేయాల్సింది అతని వారసులు, మీరు కాదు. ఒక్క తమ్ముడు కనిపించక మొత్తం ఆగిపోయిన కుటుంబాలకు ఈ సంగతి చెప్పి, లాయరు దగ్గరికి తీసుకెళ్ళడం మీరు చేయగల సాయం.

అసలు వారసులే లేకపోతే ఇల్లు ప్రభుత్వానికి పోతుంది. భారత్‌లో రాజ్యాంగం 296వ అధికరణం, హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ ఇదే చెప్తాయి. ఇంగ్లండులో క్రౌన్‌కు, అంటే రాజరికం పేరున ప్రభుత్వానికి పోతుంది. అప్పుడు మీరు కొనాల్సింది ప్రభుత్వం దగ్గర, అదీ వాళ్ళు అమ్మితేనే. పక్కింటివాణ్ణి కదా, నాకే ముందివ్వాలి అనే హక్కు మన దగ్గర లేదు.

వేలం ఇంకో దారి. అప్పు కట్టకపోతే బ్యాంకు, పన్ను కట్టకపోతే స్థానిక సంస్థ వేలానికి పెట్టొచ్చు. బ్యాంకు వేలంలో "ఉన్నది ఉన్నట్టుగా" అనే మాట ఉంటుంది, అంటే పాత బకాయిలు, లోపల ఎవరైనా ఉంటే వాళ్ళను ఖాళీ చేయించే తలనొప్పి మీవే కావచ్చు. అమెరికాలో పన్ను బకాయి అమ్మకాలు చాలా మామూలు, కొన్ని రాష్ట్రాల్లో ఇల్లే అమ్ముతారు, కొన్నిట్లో బకాయి మీద హక్కు మాత్రమే అమ్ముతారు, అది తెలియకుండా వేలంలో చెయ్యెత్తకండి. పాత యజమాని డబ్బు కట్టి వెనక్కి తీసుకునే గడువు కూడా చాలాచోట్ల ఉంటుంది. అది దాటాక కూడా కోర్టులో హక్కు తేల్చుకున్నాకే అక్కడ టైటిల్ బీమా వాళ్ళు (హక్కులో లోపం బయటపడితే నష్టం కట్టేవాళ్ళు) సాధారణంగా ముందుకొస్తారు.

పొరుగువాళ్ళకు అందరికంటే అనుకూలమైన చట్టం నేను చూసింది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో. 2008లో చేసిన ఆ చట్టం ప్రకారం, వదిలేసిన భవనానికి 2,000 అడుగుల లోపు నివసించేవాళ్ళు కూడా కోర్టుకు వెళ్ళి, దాన్ని బాగుచేయడానికి ఒక సంరక్షకుణ్ణి వేయమని అడగొచ్చు. అమెరికాలోనే డెట్రాయిట్ నగరంలో వదిలేసిన ఆస్తులు చూసే ల్యాండ్ బ్యాంకు అనే సంస్థ అయితే ఖాళీ స్థలాన్ని పక్కింటివాళ్ళకే అమ్మే పథకం నడుపుతోంది. జపానులో 2023 లెక్కల ప్రకారం 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి, అక్కడ చాలా ఊళ్ళ పాలక సంస్థలే అలాంటి ఇళ్ళ జాబితాలు పెట్టి కొనేవాళ్ళను పిలుస్తాయి. వారసులు మూడేళ్ళలోపు పేరు మార్పించుకోకపోతే జరిమానా అని 2024 ఏప్రిల్ నుంచి రూలు కూడా తెచ్చారు. మన దగ్గర ఆ రూలు ఉంటే నా ఏడాదిన్నర మిగిలేది.

ధర, పరీక్ష, అగ్రిమెంటు

ధర మాట్లాడే ముందు సర్వేయర్‌తో రెండు ఇళ్ళూ కొలిపించండి, ఒక్కటి కాదు. ఉమ్మడి గోడ ఎవరిదో అప్పుడే తేలుతుంది. లోపలికి వెళ్ళి చూసేటప్పుడు సివిల్ ఇంజనీరును వెంట తీసుకెళ్ళండి, మీ కంటికి పూతే కనబడుతుంది, ఆయన శ్లాబు కింద ఊచ ఎంత తుప్పు పట్టిందో చూస్తాడు. పాడుబడ్డ ఇంటికి నా లెక్క ఇది: స్థలం విలువలోంచి కూల్చే ఖర్చు, శిథిలాలు ఎత్తే ఖర్చు, పన్ను, కరెంటు, నీటి బకాయిలు తీసేయండి. బాగుచేసుకుని ఉందామనుకుంటే కట్టడానికి కొంత కలపండి, అంతే. రోడ్డు విస్తరణలో ముందు భాగం పోతుందేమో పట్టణ ప్రణాళిక విభాగంలో అడగండి, పోయే స్థలానికి డబ్బు కట్టినవాళ్ళున్నారు. పక్కవాడివి కాబట్టి నీకే ఎక్కువ ఉపయోగం అని వాళ్ళు ఎక్కువ అడుగుతారు. నిజమే కాబట్టి కొంచెం ఎక్కువే ఇవ్వండి, మొండికెయ్యకండి.

అడ్వాన్సు తక్కువగా ఇచ్చి, అందరి సంతకాలతో అమ్మకపు అగ్రిమెంటు రాసుకోండి. ఎవరో ఒకరు రాకపోతే, ఏదైనా తాకట్టు బయటపడితే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని అందులో ఉండాలి. నగదు వద్దు. తర్వాత లాయరుతో పేపర్లో ప్రకటన వేయించండి, ఈ ఇల్లు ఫలానావారి నుంచి కొంటున్నాం, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో చెప్పండి అని. ఎవరూ రాకపోయినంత మాత్రాన వాళ్ళ హక్కు పోదు గానీ, దాక్కున్న వారసులు, అప్పులిచ్చినవాళ్ళు చాలాసార్లు ఈ దశలోనే బయటికొస్తారు. మాకు ఒక మేనల్లుడు వచ్చాడు. ఆయనకు వాటా లేదు, కానీ అసలు దస్తావేజు ఆయన దగ్గరే ఉంది!

ఒరిజినల్ దస్తావేజు చేతికి రాకుండా మిగతా డబ్బు కట్టకండి. పోయిందంటే పోలీసు ఫిర్యాదు, దొరకలేదన్న పత్రం, పేపరు ప్రకటన, సర్టిఫైడ్ కాపీ అన్నీ అడగండి, ఎందుకంటే పోయిందన్న కాగితం ఏ వడ్డీ వ్యాపారి ఇనప్పెట్టెలోనో ఉండొచ్చు. అగ్రిమెంటు చూసుకుని ఏళ్ళు గడపకండి, వాళ్ళు రిజిస్టర్ చేయనంటే కోర్టుకు వెళ్ళే గడువు మూడేళ్ళే.

రిజిస్ట్రేషన్ రోజున అందరూ ఒకేసారి వచ్చేలా చూసుకోండి. రాలేనివాళ్ళకు వేరే రోజు సంతకం పెట్టించే వీలుంది, రాసిన నాటి నుంచి నాలుగు నెలల గడువుంటుంది, కానీ ఆ నాలుగు నెలల్లో మనసులు మారతాయి. నేను అందరికీ రైలు టికెట్లు నేనే తీశాను. మాకు అమ్మినవాళ్ళు ఆరుగురూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఇద్దరి మధ్య ఒక సంచి పెట్టుకుని.

తాళం చేతికొచ్చాక

అదే రోజు పాత తాళం తీయించి మీ తాళం వేయండి, గదిగదికీ ఫొటోలు తీయండి. లోపల వాళ్ళ సామాను ఏదైనా ఉంటే జాబితా రాసి, తీసుకెళ్ళడానికి ఒక తేదీ చెప్పి, మిగిలింది పారేయడానికి ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి. గోడకున్న పెళ్ళి ఫొటోలు మాత్రం మీరే గుడ్డలో చుట్టి ఇవ్వండి. పన్ను రికార్డు, కరెంటు, నీటి కనెక్షన్లు నెలలోపు మీ పేరుకు మార్చుకోండి. ఖాళీగా ఉంచుతారనుకుంటే బీమా కంపెనీకి ఆ మాట ముందే చెప్పండి, ఎవరూ ఉండని ఇంటికి మామూలు పాలసీ చాలాసార్లు వర్తించదు. రెండు ఇళ్ళు కలిపి కట్టాలంటే ప్లాను అనుమతి మళ్ళీ కొత్తగానే తీసుకోవాలి, మధ్య గోడ తొందరపడి కొట్టేయకండి, మీ శ్లాబు దాని మీద కూర్చుని ఉందేమో ఇంజనీరు చూడాలి.

ఆ రావిమొక్కను పైపైన నరికితే రెండు వానలకు మళ్ళీ వస్తుంది. పగులు వెడల్పు చేసి వేరు మొదలంటా తీయించి, అక్కడ సిమెంటుతో పూడ్పించి, అటువైపు గోడకు వాటర్‌ప్రూఫింగు చేయించాకే మీ పడగ్గదికి సున్నం వేయించుకోండి.